రోజూ తీసేదాన్ని

జూన్ 4

అన్నయ్యకి,

నీ చెల్లెలు గంట రాస్తున్నది. ముందు నీకెలా ఉందో అది చెప్పు, తక్కినవన్నీ తర్వాత.

నిన్న లాండ్రీలో బాయిలరు దగ్గర ఆవిరిలో మునిగి ఉండగా ఆఫీసు గుమస్తా రొప్పుతూ వచ్చాడు. "మీ వదినగారు ఫోన్ చేశారమ్మా. మీ అన్నయ్యగారు టాబ్లెట్ లేక అల్లాడిపోతున్నారట. అది లేకపోతే ఆయనకిక మాట లేనట్టేనట. ఇంకా ఏదో చెబుతున్నారు, అంతలో లైను తెగిపోయింది" అన్నాడు. పిండుతున్న దుప్పటి మళ్ళీ తొట్టిలోకి జారిపోయింది. తిరిగి చేద్దామని ఆఫీసుకి పరిగెత్తానా, ఫోను మూగనోము పట్టింది. ఈ కొండల్లో సెల్ ఫోన్లకి సిగ్నల్ అందదు, సొరంగం తవ్వే ఈ క్యాంపు మొత్తానికి ఆ ఒక్క ఫోనే దిక్కు, అదేమో గాలి గట్టిగా వీస్తే అలుగుతుంది. సామాన్ల లారీ వెళ్తూ ఉత్తరాలు తీసుకుపోతుంది కాబట్టి ఈ కాగితం.

ఏ టాబ్లెట్ అన్నయ్యా? బీపీదా? ఆపరేషన్ అయ్యాక పెద్ద డాక్టరు రాసిన ఆ చేదుదా? మీ దగ్గర దొరకడం లేదా, నువ్వే కొనడానికి బద్ధకించావా? క్యాంపు డాక్టరు కాళ్ళావేళ్ళా పడి రెండు రకాలూ సంపాదించాను. సబ్బు డబ్బాలో పెట్టి పంపుతున్నాను. కాస్త సబ్బు వాసన వేసినా మారు మాట్లాడకుండా మింగు. మాట లేనట్టేనట అని వాడెందుకు అన్నాడో నాకర్థం కాలేదు. నీ మాట ఆపరేషన్‌తోనే పోయింది కదా, మళ్ళీ కొత్తగా పోవడానికేముంది?

ఇక్కడి సంగతులకేం. సొరంగం మరో మలుపు తిరిగిందని మీ బావ చెప్పాడు. దానితో ఇంజనీర్లు కొత్త రకం బురద మోసుకొస్తున్నారు. పాతది ఎర్రగా ఉండేది, ఉతికితే పోయేది. ఇది నల్లగా జిడ్డుగా ఉంది, బట్టతో చుట్టరికం కలిపేసుకుంటోంది. లాండ్రీలో అమ్మాయిలందరికీ చేతులు పగిలిపోయాయి.

మాత్ర వేసుకున్నానని నువ్వు రాసేదాకా నాకు తిండి సహించదు.

నీ
గంట


జూన్ 13

ఒసేయ్ గంటా,

నీ సబ్బు డబ్బా అందింది. అందులోవి ఎవరి చేత మింగించమంటావు?

టాబ్లెట్ అంటే మాత్ర కాదే పిచ్చిమొహమా! పలకంత ఉంటుందే, గాజుది, నువ్వే పక్కన కూచుని నా గొంతు నింపి పెట్టావే, అది! గొంతులో పుండు ముదిరింది, స్వరపేటిక తీసెయ్యక తప్పదని డాక్టరు చెప్పగానే సెలవు పెట్టుకుని వచ్చి నా చేత మాటలన్నీ చదివించి రికార్డు చేసినదానివి, నువ్వే మర్చిపోతే ఇంకెవరికి చెప్పుకోను? దానిమీద నొక్కితేనే కదా నేను మాట్లాడేది. అది ఇప్పుడు తాళం వేసుకుని కూచుంది.

ఎలాగంటావా. ఆపరేషన్ అయ్యాక బస్టాండులో నన్ను మైకు దగ్గర్నుంచి తీసి పోగొట్టుకున్న సామాన్ల గదిలో వేశారని నీకు తెలుసు. మొన్న పై అరలోంచి ఎవడిదో ఇనుప పెట్టె జారి నా కుడి చెయ్యి మీద పడింది. ఎముక విరగలేదు గానీ వేళ్ళన్నిటికీ కట్టు కట్టారు, ఈ ఉత్తరం కూడా ఎడమ చేత్తోనే గీకుతున్నాను. సరేనని ఎడమ చేత్తో తాళం తీద్దామని కూచున్నాను. అంకెలు గుర్తు రావే! ఇన్నాళ్ళూ అవి నా కుడి బొటనవేలికి తెలుసు, నాకు తెలియదు. మైకులో బస్సుల నంబర్లు చదివినన్నాళ్ళూ ఏ అంకె అయినా ఒకసారి నోటితో అనుకుంటే చాలు, చచ్చేదాకా గుర్తుండేది. నోరు పోయాక నా జ్ఞాపకమంతా వేళ్ళలోకి దిగినట్టుంది. ఆ వేళ్ళేమో కట్టులో ఉన్నాయి. అదా ఇదా అని కొట్టుకుంటూ పోయాను. అది కాసేపు ఆగమంది, ఇంకాసేపు ఆగమంది, చివరికి ఎర్రక్షరాలు చూపించింది.

రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. షాపు నడిపే అమ్మాయి చూసి, "అంకుల్, ఇక ముట్టుకోకండి. ఇంకొక్క అవకాశమే ఉంది. అది కూడా తప్పు కొడితే లోపలున్నదంతా అదే తుడిచేసుకుంటుంది. దొంగల చేతుల్లో పడకుండా ఎవరో ఈ సెట్టింగు పెట్టారు" అంది. ఎవరో అంటే నువ్వే. తాళం పగలగొట్టే దారి లేదా అని పలక మీద రాసి చూపించాను. "ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీకు మిషన్ కావాలంటే తుడిచేసి ఇప్పుడే ఇస్తాను. లోపలున్నది కావాలంటే మాత్రం అంకెలు కావాలి" అంది.

నాకు మిషన్ ఎందుకే? నా గొంతు ఈ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మళ్ళీ రికార్డు చేద్దామంటే చెయ్యడానికి మనిషిలో అది లేదు.

ఇంకో సంగతి. దీన్లో మీ వదిన చెయ్యి ఉంది. నేను మధ్యాహ్నం భోజనానికి వచ్చి కాస్త కునుకు తీసి లేచేసరికి చార్జింగ్ తగ్గిపోయి ఉండేది. అంకెలు మార్చేసిందేమో ఎవరికి తెలుసు. "నువ్వేం చేశావు దీన్ని?" అని పలక మీద పెద్దక్షరాలతో రాసి ముందు పెట్టాను. చదివింది, కొంగుతో పలక తుడిచేసింది, అప్పట్నుంచీ నాతో మాట్లాడ్డం మానేసింది. ఇంట్లో ఇప్పుడు ఇద్దరు మూగవాళ్ళం.

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నీకేమైనా తోస్తే వెంటనే రాయి.

మీ
మైకు


జూన్ 21

అన్నయ్యకి,

దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఆ తాళం చెవి వదినకివ్వు. నీ చేతుల సంగతి నాకు తెలుసు, గోకకుండా ఉండలేవు.

టాబ్లెట్ అనగానే నాకు మాత్రే తోచింది, దాన్ని నేనెప్పుడూ నీ గొంతనే అనుకుంటాను. సెట్టింగు పెట్టింది నేనే, ఒప్పుకుంటాను. బస్టాండులో కూచునేవాడి వస్తువు ఎవడైనా ఎత్తుకుపోతే నీ గొంతుతో వాడు ఏం వాగిస్తాడోనని భయపడ్డాను. నీలాంటి ఇంటి దొంగ ఉంటాడని ఎలా అనుకుంటాను?

నీ ఉత్తరం చదివాక ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఆలోచిస్తూ ఒక ఇంజనీరు చొక్కా కాలర్ మాడ్చేశాను. ఒకటి గుర్తొచ్చింది. అప్పుడు నీ పేర అకౌంటు ఒకటి తెరిచాను. టాబ్లెట్‌లో ఉన్నవాటి నకలు తనంతట తనే అందులోకి వెళ్తుందన్నారు. ఆ నకలు ఉంటే గనక టాబ్లెట్ తుడిచేసినా భయం లేదు, మళ్ళీ దించుకోవచ్చు. పాస్‌వర్డు విడిగా చీటీ మీద రాసి ఈ కవర్లోనే పెట్టాను. షాపు అమ్మాయిని తన కంప్యూటర్‌లోంచి ముందు చూడమను. నకలు కళ్ళతో చూశాకే తుడవమను. ముందు తుడిచి తర్వాత చూసేరు!

ఆ రికార్డింగు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. కిటికీలకి బొంతలు కట్టి, ఫ్యాన్ ఆపి, ఆ గదిలో ఇద్దరం చెమటలు కక్కుకుంటూ. వీధిలో స్కూటర్ వెళ్తే మళ్ళీ మొదటికి. నువ్వు ఏరికోరి చెప్పిన మాటలేమిటి? "కూరలో ఉప్పేదీ?" "నా కళ్ళజోడు ఎవరు తీశారు?" "ఆ తలుపు వెయ్యండి, ఎన్నిసార్లు చెప్పాలి!" వదినకోసం ప్రేమగా ఒక్క ముక్క చెప్పవయ్యా అంటే, "అది నొక్కే అవసరం రాదు" అన్నావు. వదిన గుమ్మం దగ్గర నిలబడి విని లోపలికి వెళ్ళిపోయింది. నువ్వు చూడలేదు, నేను చూశాను.

అందుకని చెబుతున్నాను, వదిన మీద నేరం మోపకు. అడగడానికీ నిలదియ్యడానికీ తేడా ఉంది. పలక మీద చిన్నక్షరాలతో రాసి అడుగు.

మాత్రలు తిప్పి పంపకు, ఉంచుకో. బీపీకి ఎలాగూ పనికొస్తాయి.

నీ
గంట


జూన్ 29

గంటా,

అకౌంటు తెరుచుకుంది. నీ చీటీ చేతబట్టుకుని వెళ్తుంటే సగం బతికొచ్చినట్టే అనిపించింది. షాపు అమ్మాయి కంప్యూటర్ నావైపు తిప్పింది. నా పేరు ఉంది, నా ఫొటో ఉంది. నకళ్ళ చోట ఏమీ లేదు. "మాటల ఫైళ్ళు బరువుగా ఉంటాయి అంకుల్, మీ ఇంటి నెట్ మొయ్యలేకపోయింది. మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది" అంది. తుడవమంటారా అని అడగలేదు, మంచిపిల్ల.

పోనీ ఇంకో దారి చూపిస్తానని తన ఫోన్లో నేను టైపు చేసింది చదివించింది. ఆ గొంతు వినాలే నువ్వు! రోడ్డు రోలరుకి మాటలొచ్చినట్టుంది. వద్దని దణ్ణం పెట్టి వచ్చేశాను.

గదిలో నా బతుకు ఎలా ఉందో విను. ఎవరో వచ్చి సంచి పోయిందంటారు. పలక మీద "ఏ రంగు?" అని రాస్తాను. అంతే, నాకు చెవుడనుకుని అరుస్తారు. "నీలం! నీ...లం!" పక్క గదిలోవాళ్ళు తొంగిచూస్తారు. ఒకావిడ నా చేతిలో సుద్ద లాక్కుని తనే జవాబు రాసింది. అదే టాబ్లెట్ ఉన్నప్పుడు "ఏం పోయిందండీ?" అని నా గొంతు వినపడగానే సగం మంది మొహాలు మారేవి. "మీరు మైకులో చెప్పే ఆయన కదూ?" అనేవాళ్ళు. వాళ్ళ ప్రయాణాల్లో నేనున్నానే. ఇప్పుడు సూపర్వైజరు నన్ను లోపల గోడౌన్లో వెయ్యాలని చూస్తున్నాడు. "అక్కడైతే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కదా" అంటాడు. మంచి చేస్తున్నాననే అనుకుంటున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

చేతికి కట్టు విప్పారు. ఎంత ఆశపడ్డానో! ఉత్త గాజుపలక ముందు పెట్టుకుని బొటనవేలిని వదిలేశాను. ఒకసారి ఒకలా పోతుంది, మరోసారి ఇంకోలా. ఎడమ చేత్తో కొట్టిన తప్పులన్నీ దానికి అంటుకున్నట్టున్నాయి. నమ్మి చివరి అవకాశం దానిచేతిలో పెట్టలేను.

మీ వదినని అడగమన్నావు. అడగను. తెలిస్తే చెప్పొచ్చుగా? నేను బీరువా ముందు అటూ ఇటూ తిరుగుతుంటే ఆవిడ చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూచుంటుంది. తల ఎత్తదు.

మీ
మైకు


జూలై 6

అన్నయ్యకి,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని పొద్దుట్నుంచీ గుంజాటన పడుతున్నాను. రాస్తే ఒక తప్పు, రాయకపోతే ఇంకో తప్పు.

నిన్న వదిన ఫోన్ చేసింది. ఈసారి నేనే ఎత్తాను. లైనులో ఒకటే గరగర. వినపడినంతవరకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మీ అన్నయ్యకి చెప్పకు... రోజూ మధ్యాహ్నం ఆయన పడుకున్నాక... నేనే... ఒక్కొక్కటీ తీసేదాన్ని..." అంది. ఏం తీసేదానివి వదినా అని అరిచాను. "ఆయన మాటలే" అని వినపడింది. తర్వాత గరగర, తర్వాత అదీ లేదు.

రోజూ ఒక్కొక్కటీ తీసేసేదట! అంటే తాళం తెరుచుకున్నా లోపల ఎంత మిగిలి ఉందో. తాళం దాటి లోపలికి ఎలా వెళ్ళేదో అడిగేలోపే లైను పోయింది. చార్జింగ్ తగ్గేదని నువ్వు అన్నప్పుడు నిన్ను తిట్టాను కదా.

అయినా ఒక్కమాట. కోప్పడకు. నీ గొంతులో ఉన్నవి చాలావరకు ఆవిడమీద విసుర్లే. మనిషికి ఆరోగ్యం బాగున్నప్పుడు విసుక్కుంటే ఒకలా ఉంటుంది, మిషన్లో పెట్టుకుని నొక్కి మరీ విసుక్కుంటే ఇంకోలా ఉంటుంది. ఉప్పేదీ అన్న మాట తీసేసి ఉంటే నేను ఆవిడ పక్షమే. పనికొచ్చేవి తీసి ఉండదనుకుంటాను. చెప్పకు అన్న మాట నాకు చెప్పడం ఆవిడ తప్పు. నా కడుపులో ఏదీ ఆగదని ఆవిడకి తెలియదా?

నువ్వు మాత్రం పలక పట్టుకుని మీద పడకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ
గంట


జూలై 14

గంటా,

చదివాను.

నా చెల్లెలివి కాబట్టి నీమీద కోపం లేదు. ఆవిడ మీద ఉందో లేదో కూడా నాకు తెలియడం లేదు. నీ ఉత్తరం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. పలక మీద ఏం రాయను? ఇన్నేళ్ళు నాతో ఉన్న మనిషి నేను కునుకు తీస్తుంటే పక్కన కూచుని నా గొంతు తుంచి పారేసింది. ఆ మాట పట్టేంత పలక లేదు.

తిట్లే అంటావు. తిట్లయితే నావి కావా? నేను తిట్టేవాణ్ణే. నన్నెవరూ పుణ్యాత్ముడనలేదు. కానీ ఆ గొంతు తిట్టినా అరిచినా నాది.

అంకెలు తెలిస్తే ఆవిడకే తెలియాలి, కానీ ఆ చేతికి మళ్ళీ ఎలా ఇవ్వను? ఆవిడ గూట్లో పెట్టిన తాళం చెవి తీసుకుని, బీరువాలోంచి టాబ్లెట్ తీసి నా గదికి పట్టుకుపోయాను, పోగొట్టుకున్న గొడుగుల మధ్య పెట్టుకున్నాను. భోజనానికి ఇంటికి వెళ్ళడం లేదు. ఇలా వేలాడుతూ బతకడం నావల్ల కాదు. వచ్చే ఆదివారం దాన్ని ఇంటికి తెచ్చి ఆవిడ ఎదురుగానే పెట్టి, నాకు తోచిన అంకెలు కొట్టేస్తాను. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. పోయేది పోయిందని తెలిస్తే కనీసం నిద్రైనా పడుతుంది.

ఆపడానికి ఉత్తరాలు రాయకు.

మీ
మైకు


జూలై 15

అన్నయ్యా,

కొంప ముంచాను! నా కిందటి ఉత్తరం నీకు చేరకుండా ఉంటే ఎంత బాగుండునో. చేరితే దాన్ని చించి పొయ్యిలో పడెయ్యి, దీన్నే చదువు.

బాయిలరు వాల్వు పగిలితే కొత్తది తేవడానికి సామాన్ల లారీలో నేనే టౌనుకి దిగాను. దిగీ దిగగానే వదినకి ఫోన్ చేశాను. లైను అద్దంలా ఉంది. "ఎందుకు వదినా అన్నయ్య మాటలు తీసేశావు?" అని నేరుగా అడిగాను. "తీసెయ్యడమేమిటే? తలుపు తీసినట్టు తీసేదాన్ని! తీసి వినేదాన్ని!" అంది.

విన్నావా? తీసేసేది కాదు, తీసేది. తెరిచేది. నీ గొంతు వినడానికి తెరిచేది. నువ్వు కునుకు తీస్తుంటే వంటింట్లో కూచుని, సౌండు తగ్గించి, చెవికి ఆనించుకుని ఒక్కొక్కటీ వినేది. ఆ గరగరలో నేను ఎంత ఘోరంగా అర్థం చేసుకున్నానో చూడు. ఇంత వయసొచ్చి తెలుగు రాకుండా పోయింది నాకు.

మరి ఇన్నాళ్ళూ చెప్పవేమని అడిగాను. "దొంగలా వింటున్నానని ఎలా చెప్పను? పైగా ఆయన నువ్వేం చేశావని పలక మీద రాశారు. ఎంత పెద్దక్షరాలనుకున్నావు? పలక మీద అరవడం నేర్చుకున్నారు" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఇంతకీ రోజూ ఏం వినేదానివి అంటే మాత్రం చెప్పలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. తాళం వదినకి వచ్చు! అంకెలు ఆవిడకీ తెలియవు. నీ బొటనవేలు ఎలా తిరిగేదో చూసి చూసి అలాగే తిప్పడం నేర్చుకుంది. "గాజు నా చేతికిస్తే నా వేలు దానంతటదే అంకెల మీదికి పోతుంది. ఆలోచించమంటే పోదు" అంది. తప్పితే ఏం చేస్తావని అడిగితే, "తప్పితే ఆయన మొహం ఎలా చూడనే, అందుకే కదా నోరు మూసుకున్నాను" అంది.

ఇక నీ ఇష్టం. ఈ ఉత్తరం టౌన్లోనే పోస్టు చేస్తున్నాను, త్వరగా చేరుతుందన్నారు. లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు. దేవుడా, ఈలోపల నువ్వేమీ చెయ్యకుండా ఉండాలి.

గంట


జూలై 21

గంటా,

తెరుచుకుంది. ఒక్క ముక్క పోలేదు.

నీకు ఊపిరి ఆడాలని ముందుగా అది రాశాను. షాపు అమ్మాయి దగ్గరికి మీ వదినా నేనూ కలిసి వెళ్ళి నకళ్ళు తీయించాం. ఒకటి షాపు అమ్మాయి కంప్యూటర్లోంచి అకౌంటులోకి పంపింది, ఒకటి బీరువాలో ఉంది, ఈ కాగితం వెనక అంటించిన గోరంత చిప్పు నీ వాటా. చొక్కా జేబులో పెట్టుకుని ఉతికెయ్యకు.

ఇక జరిగింది. ఆదివారం నాటికి నువ్వు టౌన్లో వేసిన ఉత్తరం చేరలేదు. అన్నట్టే టాబ్లెట్ ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టాను. "చివరిసారి. కొడుతున్నాను" అని పలక మీద రాసి మీ వదిన వైపు తోశాను. చదివి గభాలున లేచింది. ఇన్నాళ్ళ తర్వాత నోరు తెరిచింది. "ఇటివ్వండి, నేను తీస్తాను" అంది.

తీస్తుందట! నీ ముందటి ఉత్తరం నా తలలో గిర్రున తిరుగుతోంది. ఉన్న కాస్త కూడా తీసేస్తుందని రెండు చేతులా టాబ్లెట్ గుండెకి అదుముకున్నాను. ఆవిడ ఓ కొస పట్టుకుంది. నేను అరవలేను, ఆవిడ వదల్లేదు. ఈ లాగులాటలో ఎవరి వేళ్ళు ఎక్కడ పడ్డాయో, చూసేసరికి గాజు మీద నాలుగు చుక్కల్లో మూడు నిండిపోయి ఉన్నాయి. ఇంకొక్క అంకె పడితే అంతా అయిపోయినట్టే. ఇద్దరం కొయ్యబారిపోయాం. ఆవిడ చెయ్యి నా చేతిమీద ఉంది. తీస్తే ఏమవుతుందోనని తియ్యలేదు. ఎంతసేపటికో ఆ వెలుగు దానంతటదే ఆరిపోయింది. అప్పుడు ఇద్దరం చెరో కుర్చీలో కూలబడ్డాం. కొట్టడానికి నాకిక ధైర్యం చాలలేదు. అడగడానికి ఆవిడకీ చాలలేదు.

సోమవారం నీ ఉత్తరం గదికే వచ్చింది. కౌంటరు అవతల ఒకాయన గొడుగు కోసం అరుస్తున్నాడు. చదవడం అయ్యాక ఆయన చేతికి దొరికిన గొడుగు ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయాను. ఆయనదో కాదో నాకు తెలియదు, ఆయన కూడా తీసుకుపోయాడు.

మీ వదిన బట్టలు మడత పెడుతోంది. టాబ్లెట్ ఒళ్ళో పెట్టి పలక మీద "నువ్వే తియ్యి" అని రాశాను. నా మొహంలోకి చూసి, "ఏ తియ్యడం?" అంది. అప్పటికే నీతో మాట్లాడి ఉంది కదా, ఎగతాళి చెయ్యడానికి అదను దొరికింది. నేను చెంపలు వేసుకున్నాను. వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. కిందనే కూచుని కళ్ళు మూసుకుంది. నేను గోడవైపు తిరిగిపోయాను. టక్కుమన్నది వినపడింది. వెనక్కి తిరిగితే అది తెరుచుకుని ఉంది. మీ వదిన ఇంకా కళ్ళు తెరవలేదు.

నాకివ్వమని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. "ఉండండి" అని వేలితో పైకి తోసుకుంటూ తోసుకుంటూ మాటలన్నీ దాటి అట్టడుగుకి వెళ్ళింది. అక్కడ ఒక వాక్యం ఉంది, నేను ఒక్కసారి కూడా నొక్కనిది. "నాకు ఆకలిగా లేదు." ఎందుకు నొక్కుతాను? నాకెప్పుడూ ఆకలే. ఆవిడ దాన్నే నొక్కింది.

"నాకు ఆకలిగా లేదు" అంది నా గొంతు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ వేలు ఎత్తి పెదవి మీద పెట్టుకుంది. కాస్త ఆగాక నీ గొంతు వచ్చింది. "ఈ వాక్యం నీకెందుకన్నయ్యా? పుట్టాక ఒక్కరోజైనా అన్నావా?" వెంటనే ఎవడో నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోబోతాడు, ఆగదు, దగ్గుతాడు, మళ్ళీ నవ్వుతాడు. నువ్వూ కలిశావు. "చెరుపు, చెరుపు, మళ్ళీ చెబుతాను" అంటూ మళ్ళీ విరగబడతాడు. నువ్వు చెరపలేదు. మర్చిపోయావో, కావాలనే ఉంచావో.

ఆపరేషన్ అయ్యాక నాకు నవ్వొస్తే భుజాలు ఊగుతాయి, అంతే. చప్పుడు లేదు. ఆ సంగతి నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. మాట పోయిందనే ఏడ్చాను.

"మాటలంటే పలక మీద రాస్తారు" అంది మీ వదిన. "ఇది ఎలా రాస్తారు? ఇది పోతుందనే నేను భయపడి చచ్చాను."

నాకు ఏడుపొచ్చింది గంటా, నీ దగ్గర దాచేదేముంది. ఆవిడ మళ్ళీ నొక్కింది. అది అయిపోగానే మళ్ళీ నొక్కింది. పొయ్యి మీద కూర మాడి వాసన వస్తోంది, ఇద్దరిలో ఒక్కరమూ లేవలేదు.

నేనంత గట్టిగా నవ్వేవాణ్ణని నువ్వయినా ఎప్పుడూ చెప్పలేదేమే?

మీ
అన్నయ్య